ముందు ఇల్లు యాడుందో చెప్పాల

28-4-2002, ఆదివారం, జమ్మలమడుగు

పాత డైరీ నాయన చదివాడని అనుమానం. అందుకే ఇది కొత్తది. బియ్యం డబ్బా వెనక పెడతాను.

చర్చి నుంచి రాగానే గొడవ. మొదలుపెట్టింది నేనే. నువ్వు పాఠాలు చెప్పే బడికి సెలవులిచ్చి నాలుగు రోజులైంది, రేపు మళ్ళీ పులివెందుల బస్సెక్కి ఆ ఊరికి ఎందుకు పోతున్నావని అడిగాను. రికార్డులు రాయాలన్నాడు. ఐదు తరగతులు, ఇద్దరు అయ్యవార్లు, అరవై మంది పిల్లలు. దానికి వేసవంతా రాసే రికార్డులేముంటాయి?

ఎందుకు పోతాడో నాకు తెలుసు. పెద్దమిద్దె వాళ్ళ అరుగు ముందు ఒక నమస్కారం, కొత్తమేడ వాళ్ళ గేటు ముందు ఒక నమస్కారం. రెండు వర్గాలకూ సమానంగా వంగే నడుము. ఆ ఊరిలో పదేళ్ళు కాపురమున్నాం, ఒక్కరోజు ఒక్కరిని ఎదిరించి మాట్లాడిన పాపాన పోలేదు. "దయానందం సారంత పిరికోడు జిల్లాలోనే లేడు" అని ముఖం మీదే అన్నాను. ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని, ప్యాంటు ఉతికితే ఉతుకు, లేకుంటే నేనే ఉతుక్కుంటాలే అన్నాడు.

ఉతికాను. కుడికాలి అంచున బురద. తాగే నీళ్ళకు బిందెలు వరుస కట్టే ఊరు అది. ఏప్రిల్ ఎండల్లో ఈ మనిషికి బురద ఎక్కడ దొరుకుతుందో.

30-4, మంగళవారం

ఇస్మాయిల్ మామ దగ్గర ఈ రోజు వెబ్ డిజైన్ మొదలు. మామ పదకొండేళ్ళు కువైట్‌లో ఉండి వచ్చి, ప్రొద్దుటూరులో నాలుగు కంప్యూటర్లు, ఒక స్కానరు, ఒక ఎస్టీడీ ఫోనుతో ఈ సెంటర్ పెట్టాడు. నేను అక్కడ సగం విద్యార్థిని, సగం జీతం లేని అల్లుణ్ణి.

సాఫ్ట్‌వేర్ తెరవగానే ఖాళీ పేజీ వస్తుంది, రాసేద్దామని కూర్చున్నాను. మామ మౌసు లాక్కున్నాడు.

"పేజీ తర్వాతప్పా. ముందు ఇల్లు యాడుందో చెప్పాల."

ముందు సైటును నిలబెట్టాలట. అది మూడు సంగతులు అడుగుతుంది. సైటు పేరేమిటి, ఈ కంప్యూటర్లో దాని సామానంతా ఉండే ఫోల్డరు ఏది, ఇంటర్నెట్‌లో దాన్ని ఎక్కడికి పంపాలి. ఆ ఫోల్డరే ఇల్లు. ప్రతి బొమ్మా ఆ ఇంట్లోనే ఉండాలి. ఇంట్లో లేని సామాను కువైట్‌కు పోయే పెట్టెలోకి ఎట్లా వస్తుందని మామ అడిగాడు. ఆయనకు ఏది చెప్పాలన్నా కువైటే ఉపమానం.

నిప్పులాంటి నిజాన్ని లోకానికి చెప్పడానికి కూర్చుంటే ఫోల్డరెక్కడ, ఫోల్డరెక్కడ అని ఈ గుమాస్తా ప్రశ్నలు! నేను చదివిన ఎర్ర అట్టల పుస్తకాల్లో ఎక్కడా ముందు ఫోల్డరు చూపించి తర్వాత తిరగబడమని లేదు. మామ టీకి పోగానే పేరొక్కటి కొట్టి, మిగిలినవేవీ చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కి ముగించాను.

సైటు పేరు: నెత్తుటి ఊరు.

2-5, గురువారం

మొదటి పేజీకి చిత్తుప్రతి:

"ఇది నబీ రసూల్ ఇల్లు. తొండూరు మండలంలోని ఈ ఊరిలో రెండు వర్గాలు, వాటికి రెండు పార్టీలు. నబీ రసూల్ ఏ వర్గమూ కాదు. పెద్దమిద్దె వాళ్ళ జీపుకు డ్రైవరు. 1999 ఎన్నికలు ముగిసిన నెలకు కల్వర్టు దగ్గర ఆ జీపు మీద బాంబులు పడ్డాయి. వెనక కూర్చున్న నాయకుడు చనిపోయాడు, నబీ బతికాడు. వేసినవాళ్ళను చూశాడు. కోర్టులో నోరు విప్పితే చంపుతామని కొత్తమేడ వాళ్ళు. మేం రాసిచ్చిన పద్నాలుగు పేర్లూ చెప్పకపోతే చంపుతామని పెద్దమిద్దె వాళ్ళు. నేను చూసింది నలుగురినే అన్నాడు నబీ. తల్లి సైదాబీ అతన్ని కువైట్‌కు పంపేసింది. అతను విమానమెక్కిన పన్నెండో రోజు ఈ ఇంటికి నిప్పు పెట్టారు. పెట్టింది మీరంటే మీరని రెండు వర్గాలూ నేటికీ వాదించుకుంటున్నాయి."

బాగా వచ్చింది. రెండుసార్లు పైకి చదువుకున్నాను.

ఇందులో రాయనిది ఒకటుంది. ఇల్లు కాలిందని నబీ అన్నకు తెలియదు. ఆ ఊరి వాళ్ళు కువైట్‌లో ఇంకెవరూ లేరు. సైదాబీ పెద్దమ్మ రెండున్నరేళ్ళుగా ప్రొద్దుటూరులో ఒంటిగదిలో ఉండి జాకెట్లు కుడుతోంది. శుక్రవారం శుక్రవారం మామ సెంటర్‌కు వచ్చే ఫోనులో మాత్రం, కుట్టుపని ఇచ్చిపోవడానికి ఊరి నుంచి వచ్చానని, ఇంటికి సున్నం కొట్టించానని చెబుతుంది. తెలిస్తే వాడు తర్వాతి విమానానికే దిగుతాడు, దిగితే ఊరికి పోతాడు, పోతే తిరిగి రాడు. ఇదీ ఆమె భయం.

మా అమ్మ ఆస్పత్రిలో ఉన్న ఏడాదంతా నాకు ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి అది. అయినా ఒప్పుకోను. అబద్ధం నీడలో బతకడం బానిసత్వం.

4-5, శనివారం

మామ కెమెరా తీసుకుని ఊరికి పోయాను. నాయన బడిలో ఉంటాడని బడి వైపు పోలేదు. తాళాలు వేసిన ఇళ్ళు, కూలిన ఇళ్ళు, కల్వర్టు. నబీ అన్న ఇంటి ముందు మూడే తీయగలిగాను. ఎవరో వస్తున్న అలికిడైతే గోడ దూకి వచ్చేశాను.

మసి. మసి తప్ప ఏమీ లేదక్కడ.

7-5, మంగళవారం

మామ నోట్లో మాట దాగదు. పెద్దమ్మకు తెలిసిపోయింది. పిలిపించింది.

మిషను ఆపలేదు. కుడుతూనే అడిగింది, మా ఇంటి ఫొటో పెడ్తాండావంట కదా అని. అవునన్నాను. ప్రపంచం చూడాలన్నాను.

"ప్రపంచమంటే ఎవురప్పా నాకు? మా నబీ ఒగడే కదా. వాడు తప్ప మిగిలినోళ్లందరికీ చూపిచ్చుకో పో."

నేను నిజం గురించి మాట్లాడాను. చాలాసేపు మాట్లాడాను. ఆమె దారాన్ని పంటితో తెంపింది.

"నీ పుస్తకాలు రాసేటోళ్లకు కొడుకులుండరా శుభాకరూ?"

టీ తాగకుండా లేచి వచ్చాను. అప్పుడు చెప్పాల్సిన జవాబులు అయిదారు ఇప్పుడు తోస్తున్నాయి.

9-5, గురువారం

ఫొటోలు కడిగించి స్కాన్ చేశాను. కొన్ని ఒకచోట, కొన్ని ఇంకోచోట పడ్డాయి. మన తెలుగు ఫాంటు వేరే కంప్యూటర్లలో సున్నాలుగా, గీతలుగా కనిపిస్తుందట. అందుకని రాతనంతా కూడా బొమ్మలుగా మార్చాను. మొత్తం ఏడు బొమ్మలు. పేజీలో పెట్టిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ ఒకటే అడుగుతుంది. ఈ ఫైలు నీ సైటు ఫోల్డరులో లేదు, అక్కడికి కాపీ చేయమంటావా అని. ఏడుసార్లు అడిగింది. ఏడుసార్లూ 'నో' నొక్కాను. నా ఫైళ్ళు నా ఇష్టం.

12-5, ఆదివారం

చర్చి ఎగ్గొట్టాను. మామ లేని సమయం చూసి, ఎక్కడికి పంపాలన్న ప్రశ్నకు మాత్రం ఆయన రాసిపెట్టుకున్న అడ్రసు కొట్టి, పదకొండు గంటలకు సైటును పంపాను. వెంటనే ఇంటర్నెట్‌లో తెరిచి చూశాను. నల్లటి గోడలు, ఎర్రటి అక్షరాలు. లేచి నిలబడ్డాను కుర్చీలోంచి. ఈ జిల్లాలో ఇంతవరకు ఎవడూ చేయని పని.

నబీ అన్నకు అడ్రసు మెయిల్ చేశాను. పెద్దమ్మకు చెప్పలేదు. ఆమె నన్ను అడగలేదు కూడా.

13-5

చూసినవాళ్ళ సంఖ్య పేజీ అడుగున పడుతుంది. తొమ్మిది. అందులో ఏడు నేనే.

17-5, శుక్రవారం

నాలుగింటికి ఫోను. నేనే ఎత్తాను. పెద్దమ్మ బయట బెంచీ మీద ఉంది.

"చూసినా తమ్ముడా. శానా బాగుంది."

ఇల్లు చూసినావా అని అడిగాను. అంతా చూసినాననీ, ఇంత పని నీకు యాడ నుంచి వచ్చిందనీ, అమ్మకిమ్మనీ అన్నాడు. గొంతులో వణుకు లేదు, కోపం లేదు.

ఫోను ఇస్తుంటే నా మొహం చూసే పెద్దమ్మకు నేనేం చేశానో అర్థమైంది. ఫోను రెండు చేతులతో పట్టుకుంది. ఇల్లు చూసినావా నాయనా అని అడిగింది. కోపం రాలేదా అని అడిగింది. పెట్టేసి స్టూలు మీద కూర్చుని కొంగు మొహానికి కప్పుకుంది. ఏడుస్తోందని దగ్గరికి పోయాను. నవ్వుతోంది. ఏడుస్తూ నవ్వుతోంది.

"కోపమెందుకు మా, బాగుంది కదా అన్నాడప్పా. వాని గుండె సల్లబడింది. రెండున్నరేండ్లు ఊరికే బయపడి సచ్చినా."

18-5, శనివారం

పెద్దమ్మ ఇంట్లో సంగటి, పొట్టేలు చియ్యకూర. నాలుగో ముద్ద వద్దంటే వినలేదు. నీ మాటే గెలిచిందిలే అన్నది. పొద్దున ఎనిమిది దాకా నిద్రపోయిందట. ఊరు విడిచాక అట్లా పడుకోవడం ఇదే మొదలట. మిషను తొక్కుతూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఆమెకు పాట వచ్చని నాకు తెలియదు.

నాకు మాత్రం కడుపు మండుతోంది. కాలిన ఇంటిని చూసి బాగుందంటాడా? కువైట్ చల్లగాలి తగిలి మనిషి చచ్చిపోయాడా? సెంటర్‌కు పోయి మెయిల్ కొట్టాను: "నీ రక్తం నీళ్ళయిందా అన్నా?" ఇంకా చాలా రాశాను. పంపబోతుంటే కరెంటు పోయింది.

19-5

ఆ మెయిల్ మళ్ళీ కొట్టలేదు. తీరిక లేక.

21-5, మంగళవారం

ప్రింటరు రిబ్బన్ల కోసం మామ పులివెందుల పంపాడు. అక్కడ నాతో ఇంటర్ చదివిన కరీముల్లా కనిపిస్తే నెట్ సెంటర్‌కు లాక్కుపోయాను. నా సైటు చూపిస్తానన్నాను. అడ్రసు కొట్టి వెనక్కి జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

పైన నెత్తుటి ఊరు అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు. అడుగున సంఖ్య. మధ్యలో ఏడు తెల్లటి డబ్బాలు. డబ్బా డబ్బాకూ మూలన చిన్న ఎర్ర ఇంటూ గుర్తు. ఒక్క ఫొటో లేదు, ఒక్క అక్షరం లేదు.

కరీముల్లా మర్యాదగా కాసేపు చూసి, "సున్నం బాగా కొట్టిచ్చినారప్పా మీ ఊరికి" అన్నాడు.

వాడి కంప్యూటరే సరిగా లేదన్నాను. రెండోదానిలో చూశాను. మూడోదానిలో చూశాను.

22-5, బుధవారం

మామ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పేజీ లోపలి రాతను తెరిచి, బొమ్మ దారి ఎక్కడికి పోతోందో వేలితో చూపించాడు. ఏడు దారులూ ఇదే కంప్యూటరు కడుపులోకి పోతున్నాయి. ఇక్కడ కూర్చుని చూస్తే అన్నీ కనిపిస్తాయి. లోకంలో మరెక్కడ కూర్చున్నా డబ్బాలే. సాఫ్ట్‌వేర్ ఏడుసార్లు అడిగింది, సామాను ఇంట్లో పెట్టమంటావా అని.

"అంటే నబీ అన్న..." అన్నాను.

"డబ్బాలే చూసినాడు" అన్నాడు మామ. "కనపడలేదంటే నువ్వు బాధపడతావని బాగుందన్నాడు. నేను ఆడున్నప్పుడు మా ఇంటోళ్లు పంపిన మామిడికాయలన్నీ కుళ్లిపోయి చేరేటివి. బాగుండాయనే రాసేటోణ్ణి."

నబీ అన్న ఏమీ చూడలేదు. ఆయన గుండె చల్లబడనూ లేదు, మండనూ లేదు. పెద్దమ్మ నాలుగు రోజుల నిద్ర నా ఏడు తప్పుల మీద పరిచిన పక్క. ఆ మెయిల్ పోయి ఉంటే? ఆ కరెంటు పోకుండా ఉంటే?

సరిచేయడానికి పది నిమిషాలు పడుతుందన్నాడు మామ. చేయమంటావా అని అడిగాడు. వద్దన్నాను.

23-5

పెద్దమ్మకు చెప్పలేదు. పని ఎక్కువగా ఉంది.

24-5, శుక్రవారం

పని ఎక్కువేమీ లేదు.

నబీ అన్న ఫోను. ఈ వారం కూడా చూసినా తమ్ముడా, పోయిన వారం కంటే ఇంకా బాగుంది అన్నాడు. సెలవు దినాన, ఎడారిలోంచి టౌనుకు బస్సెక్కి వచ్చి, ఏడు ఖాళీ డబ్బాలను రెండోసారి చూసి, ఇంకా బాగుందన్నాడు. ఫోను పెద్దమ్మకు ఇచ్చేశాను.

నిజం నిజం అని తిరిగినవాణ్ణి నేను. వారం నుంచి నా చుట్టూ ఉన్న అబద్ధాలన్నీ ప్రేమతో చెప్పినవి. నేను దాస్తున్నది ఒక్కటే భయంతో.

26-5, ఆదివారం

చర్చికి పోయాను. నాయన పక్కనే కూర్చున్నాను. పాట పుస్తకం ఇద్దరికీ ఒకటే పట్టుకున్నాడు. ప్యాంటు నేనే ఉతికాను. మళ్ళీ బురదే.

మధ్యాహ్నం బస్సుకు ప్రొద్దుటూరు పోయి పెద్దమ్మకు చెప్పేశాను. ఫోల్డరు, డబ్బాలు, ఎర్ర గుర్తు అన్నీ. ఆమె మొదటిసారి మిషను ఆపింది. చక్రం మీద చెయ్యి పెట్టింది.

"అంటే వాడు చూల్యా."

లేదన్నాను. కొట్టినా బాగుండేదనిపించింది. తిరిగి సరిచేయననీ, సైటునే తీసేస్తాననీ, ఎప్పటికీ ఆయనకు తెలియనివ్వననీ చెప్పాను. ఆమె ఈ తొమ్మిది దినాలూ ఎట్లా ఉండిందో చెప్పింది. సున్నం కొట్టించాననీ, వాకిలి మార్చాననీ కొత్త కొత్త అబద్ధాలు వెతుక్కోకుండా మాట్లాడానని, కొడుకుతో మాట్లాడితే ఇంత తేలిగ్గా ఉంటుందని మర్చిపోయానని చెప్పింది.

"మల్లా ఆ అబద్ధాల మూట ఎత్తుకోలేనప్పా. నేనే చెప్తా వానికి. నా నోటితో. నువ్వు బొమ్మలు సక్కగా పెట్టు. అయితే ముందు నన్ను పెట్టు. నేను బాగుండానని చూసినాకనే వాడు ఆ ఇంటిని చూడాల."

నబీ అన్న వస్తే అని అడగబోయాను. ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టింది. శబ్దంలో నా మాట వినపడనట్టు ఉండిపోయింది.

28-5, మంగళవారం

మళ్ళీ మొదటి నుంచి. మామ చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. ఈసారి ప్రతి ప్రశ్నా చదివాను.

సైటు పేరు. పెద్దమ్మ పక్కనే కూర్చుంది. పాత పేరు చదివి వినిపిస్తే, "నా ఇంటికి ఆ పేరెందుకప్పా?" అన్నది. నెత్తుటి ఊరు కొట్టేసి సైదాబీ ఇల్లు అని పెట్టాను. ఫోల్డరు: అదే పేరుతో కొత్తది, అందులో బొమ్మలకు ఒక గది. కాపీ చేయమంటావా అన్న ప్రతిసారీ 'ఎస్'. ఎక్కడికి పంపాలి. పంపాను.

మొదటి పేజీలో పెద్దమ్మ. మిషను ముందు కూర్చుని, కొత్త రవిక తొడుక్కుని, కెమెరా వైపు కాకుండా మామ వైపు చూసి నవ్వుతోంది. నవ్వించడానికి మామ అరబ్బుషేకు నడక నడిచాడు. ఆ ఫొటో మీద నొక్కితే ఇల్లు వస్తుంది. ఆ పేజీని ఆమె చూడనన్నది. తల తిప్పుకుంది.

రాత చాలా తీసేశాను. పద్నాలుగు పేర్ల మాట, నలుగురి మాట కూడా. ఆయన ప్రాణం మీదికి తెచ్చే వాక్యాలు అవి. ఎంత మురిసిపోయి రాశానో.

మామను వేరే కంప్యూటర్లో తెరవమన్నాను. ఎదురింటి కొట్టులో కూడా తెరిపించాను. కనిపిస్తోంది.

31-5, శుక్రవారం

నాలుగింటికి ఫోను. పెద్దమ్మ చెప్పేసింది. నిలబడే చెప్పింది. ఇల్లు కాలింది నాయనా, నువ్వు పోయిన పన్నెండో దినం కాలింది, ఎవరు కాల్చినారో తెలీదు, నేను ప్రొద్దుటూరులో ఉండా, బాగుండా. అంతే. శుభాకర్ బొమ్మలు పెట్టినాడు, పోయి చూసి మల్లా ఫోన్ చెయ్యి అన్నది. ముందు నన్ను చూడు అన్నది.

ఒక గంట. మామ టీ తెప్పించాడు, ఎవరూ తాగలేదు. ఆమె తస్బీ పూసలు తిప్పుతోంది. నేను కాలెండరులో విమానాలుండే రోజులు లెక్కపెడుతున్నాను. నా పని వల్ల ఆయన వస్తే, వచ్చి ఆ కల్వర్టు దాటితే. అయిదుంబావుకు మోగింది. రిసీవరును ఇద్దరం మధ్యలో పెట్టుకున్నాం.

నబీ అన్న అడిగాడు.

"మా, గోరింట చెట్టుకు నీళ్లు ఎవురు పోస్తాండారు?"

ఏ చెట్టురా, అదీ కాలిపోయింటుంది కదా అన్నది పెద్దమ్మ.

"మూడో ఫొటోలో ఎడమపక్క చూడు. పచ్చగుంది. మొదట్లో తడి ఉంది."

మామ అప్పటికే ఆ పేజీ తెరిచాడు. పెద్దమ్మ మొదటిసారి చూసింది. నల్లటి గోడ, కూలిన దూలం. ఎడమ అంచున, నేను ఫొటో తీస్తూ కూడా చూడనిది. పచ్చటి గోరింట చెట్టు, మనిషంత ఎత్తు. చుట్టూ గుండ్రంగా నల్లటి తడి. గోడకు ఆనించిన నీలం రంగు క్యాను. ఆమె వేలితో తెర మీద ఆ పచ్చదనాన్ని తడిమింది. నబీ పుట్టిన ఏడాది నాటిన కొమ్మ అది. ఊరిలో ఏ వర్గం ఇంట్లో పెళ్ళయినా ఆకు అక్కడి నుంచే పోయేది.

"నల్ల గోడలు చూసి టికెట్టు తీసుకుందామని లేసినా మా" అన్నాడు నబీ అన్న. "ఈ చెట్టు చూసి మల్లా కూచున్నా. ఆడ మనకు ఎవురో ఉండారు. ఎవురో కనుక్కోండి. అంతవరకు నేను యాడికీ కదల్ను."

నాకు ఒకటి తోచింది. ఆ రోజు అలికిడి విని గోడ దూకాను. ఎవరో రెండో క్యాను తెస్తున్నారేమో. ఇప్పుడు రాయను. సోమవారం చూస్తాను.

3-6, సోమవారం

ఆరున్నర బస్సులో నాయన పక్కన కూర్చున్నాను. ఎందుకొస్తున్నావని అడగలేదు. ముద్దనూరు దాటాక టిఫిన్ తిన్నావా అని మాత్రం అడిగాడు.

బడి తాళం తీశాడు. మూల నుంచి నీలం రంగు క్యాను తీశాడు. నేను బోరింగు కొట్టాను, ఆయన పట్టాడు. నేను మోస్తానంటే ఇచ్చాడు. కారుతుంది, కాలికి ఎడంగా పట్టుకో అన్నాడు. ఎడంగానే పట్టుకున్నాను. అయినా నా కుడికాలు తడిసింది.

పెద్దమిద్దె అరుగు ముందు ఆగి నమస్కారం పెట్టాడు. కొత్తమేడ గేటు ముందు ఆగి నమస్కారం పెట్టాడు. గేటు దగ్గర మంచం మీద కూర్చున్న మీసాలాయన నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"ఏం సారూ, ఈ పొద్దు అసిస్టెంటును తెచ్చుకున్నావే. చెట్టుకు సెలవుల్లేవా?"

"ఆదివారం ఇచ్చినా కదప్పా" అన్నాడు నాయన.

మంచం మీది వాళ్ళు నవ్వారు. ఊరంతటికీ తెలుసు. రెండు వర్గాలకూ తెలుసు. తెలియంది నాకొక్కడికే.

చెట్టు దగ్గర అడిగాను. నీళ్ళు పోస్తూ చెప్పాడు, మధ్య మధ్య ఆగుతూ. ఇల్లు కాలిన వారానికి చూస్తే చెట్టు సగం మాడి, సగం బతికి ఉందట. పాడుబడిన ఇంటి వాకిలి తలుపులు, రాళ్ళు ఎవరికి అందినవి వాళ్ళు లాక్కుపోతారు. చెట్టు పచ్చగా ఉంటే ఎవరో ఉన్న ఇల్లు కింద లెక్క. అందుకని ముందే రెండు ఇళ్ళకూ పోయి చెప్పాడట, ఆ చెట్టుకు నేను నీళ్ళు పోస్తాను, మీకేమన్నా ఉంటే ఇప్పుడే నా ముందు చెప్పండి అని.

"ఏమన్నారు?"

"పెద్దమిద్దెలో నవ్వినారు. కొత్తమేడోళ్లు క్యాను లాక్కున్నారు. మూడు దినాలు. నాలుగో దినం వాళ్లే ఇచ్చినారు."

"ఎందుకిచ్చినారు?"

"రోజూ పోయి గేటు కాడ నిలబడి అడిగినా గద. ఇసుగు పుట్టింటుంది."

ఉగాదికి రెండు వీధుల ఆడవాళ్ళూ ఈ ఆకే కోసుకుపోయారట. ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం. సైదాబీ పెద్దమ్మకు ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే చూడ్డానికి వస్తుంది, అప్పుడు రావడం మంచిది కాదు అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదని అడగలేదు. నాకెందుకు చెప్తాడు?

క్యాను అడుగున మిగిలిన నీళ్ళు నేను పోశాను. ఆ నమస్కారాలు రోజూ ఏం అడుగుతున్నాయో ఇప్పుడు తెలిసింది. పోస్తున్నా, అడ్డముందా అని అడుగుతున్నాయి.

సాయంత్రం ప్రొద్దుటూరు పోయి పెద్దమ్మకు చెప్పాను. ఆమె పాత డబ్బాలోంచి తెల్లగుడ్డ తీసి నాయన చొక్కా కొలతలు అడిగింది. తెలియవన్నాను. ఇన్నేండ్లు ఆయన గుడ్డలు ఉతికి కొలత తెలీదా అన్నది. నబీకి తానే చెప్తానన్నది, శుక్రవారం.

4-6, మంగళవారం

రెండు ప్యాంట్లు ఉతికాను. రెండిటికీ కుడికాలి మీద బురద.

క్యాను మరీ కారుతోంది. రేపు కొత్తది తెస్తాను. నాయన వద్దంటాడు. తెస్తాను.

ఏప్రిల్ 28న ఈ డైరీలో నాయనను పిరికోడని రాశాను. కొట్టేద్దామని పెన్ను పట్టుకుని ఆగిపోయాను. ఉండనీ. దాని తర్వాత ఇంత ఉంది కదా.

నోటితో చెప్పడం నాకు చేతకాదు. పొద్దున రెండుసార్లు నాయనా అని పిలిచి, ఏమప్పా అంటే, బస్సుకు టైమైంది అన్నాను. అందుకే ఈ డైరీని ఇవాళ బియ్యం డబ్బా వెనక పెట్టడం లేదు. బల్ల మీద, ఆయన కళ్ళజోడు పక్కన పెడుతున్నాను. మొదటి పేజీ తెరిచి.